మట్టి ముద్దలోంచి ముగ్గురు రాజులు

మంటకి మరీ దగ్గరగా జరక్కండర్రా, నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. చిన్నా, ఆ కొబ్బరిమట్ట ఇంకొకటి అందులో పడెయ్యి. రాజుల కథ కావాలని పట్టుబట్టారు కదా, రాజుల కథే చెప్తాను. కాకపోతే ఆ రాజులకి ఒళ్లూ మొహమూ ఇచ్చిన ఆడమనిషి గురించి ముందు చెప్పాలి. ఆవిడ పేరు ఖైముక్ ఛూతో. థాయిలాండ్ ఆవిడ. 1938లో పుట్టింది, 1997లో పోయింది. ఊరి నడిబొడ్డున నిలబెట్టే పెద్ద పెద్ద రాజవిగ్రహాలు చెయ్యడంలో ఆ దేశపు ఆడవాళ్లకి దారి వేసింది ఆవిడ. ఊఁ కొడుతూ ఉండండి, లేకపోతే నిద్రపోయారనుకుని ఆపేస్తాను.

ఆవిడ కథ ఆవిడతో మొదలుపెడితే అర్థం కాదమ్మా. ఇంకా వెనక్కి పోవాలి.

అప్పట్లో ఆ దేశాన్ని సయాం అనేవారు. సయాంలో బుద్ధ విగ్రహాలకి లోటు లేదు. వెయ్యేళ్లకి పైగా కంచులోనూ రాతిలోనూ చేస్తూనే ఉన్నారు. మన అమరావతి శిల్పుల చేతివాటం అక్కడి పాతకాలపు ద్వారవతి రాజ్యపు బుద్ధుల మీద కనిపిస్తుందని పండితులు చెప్తారు. కృష్ణ ఒడ్డున పుట్టిన వస్త్రపు మడత సముద్రం దాటి అక్కడి బుద్ధుడి భుజమెక్కిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ రాజుని ఉన్నవాడిని ఉన్నట్టుగా, ముక్కూ మొహమూ పోలేటట్టు బొమ్మ చేసి నాలుగురోడ్ల కూడలిలో పెట్టడం వాళ్ల ఆచారంలో లేదు. చనిపోయిన రాజుని తలుచుకోవాలంటే ఆయన పేరు మీద ఒక బుద్ధ విగ్రహం చేయించేవారు. బ్యాంకాక్‌లోని పచ్చబుద్ధుడి గుడిలో మొదటి రాముడూ రెండో రాముడూ అలాగే ఉన్నారు, రాజుల్లా కాదు, నిలబడ్డ బుద్ధుల్లా. రాముడంటే మన రాముడు కాదురా, అక్కడ రాజులకి ఆ పేరే వరసగా వస్తుంది.

ఐదో రాముడు చులాలాంగ్‌కార్న్ కాలానికి ఆ కట్టు సడలింది. ఆయన 1907లో యూరప్ వెళ్లాడు. అక్కడి రాజధానుల్లో గుర్రాల మీద కూచున్న రాజుల విగ్రహాలు చూశాడు. పారిస్‌లో ఒక శిల్పి ఎదుట కూచుని తన రూపం చేయించుకున్నాడు. సయాం ప్రజలు తలా కాస్తా వేసుకుని చందా పోగుచేశారు. విగ్రహాన్ని ఫ్రాన్స్‌లోనే పోతపోసి ఓడలో తెచ్చారు. 1908 నవంబరు 11న, ఆయన గద్దెనెక్కి నలభై ఏళ్లు నిండిన పండగకి, బ్యాంకాక్‌లో నిలబెట్టారు. చందాలో మిగిలిన డబ్బు తర్వాత ఆయన పేరిట ఒక విశ్వవిద్యాలయం కట్టడానికి పనికొచ్చింది. ఆ గుర్రం దగ్గర ఇప్పటికీ అక్టోబరు 23న పూలదండలు గుట్టలు పడతాయి.

ఇది గుర్తుపెట్టుకోండి. ఊరి కూడలిలో పెట్టే మొట్టమొదటి రాజవిగ్రహం కావలసి వస్తే పారిస్ పోవలసి వచ్చింది. శిల్పి పరాయివాడు, కొలిమి పరాయిది, కంచు పరాయిది. ఆరో రాముడికి ఇది గుచ్చుకున్నట్టుంది. వస్తువు కొనడం కాదు, పని నేర్పేవాణ్ణి తెచ్చుకోవాలని ఇటలీ నుంచి ఒక శిల్పిని పిలిపించారు. పేరు కొర్రాదో ఫెరోచీ, ఫ్లోరెన్స్ నగరం వాడు. 1923లో దిగాడు. మొదట్లో ఆయన చేతిని నమ్మలేదు. కళల్లో ఆరితేరిన నరిస్ రాకుమారుడి తలని చెయ్యమని పరీక్ష పెట్టారు. మొహం అచ్చుగుద్దినట్టు వచ్చాక నమ్మకం కుదిరింది.

ఆ ఫెరోచీ మళ్లీ తన ఊరు పోయి స్థిరపడలేదర్రా. 1932లో బ్యాంకాక్ నదీ వంతెన దగ్గర మొదటి రాముడి విగ్రహం ఆయనదే. దాన్ని కూడా ఇటలీలోనే పోతపోయించాడు. చూశారా, అప్పటికి కూడా కంచు పని దేశం బయటే. 1933లో ఒక చిన్న కళల బడి మొదలైంది. అది 1943లో శిల్పకార్న్ విశ్వవిద్యాలయం అయింది. అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ లొంగిపోయింది. బ్యాంకాక్‌లో ఉన్న జపాను సైన్యం ఇటలీ వాళ్లని పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన్ని కాపాడుకోవడానికి థాయి ప్రభుత్వం 1944లో థాయి పౌరుణ్ణి చేసి, శిల్ప భీరశ్రీ అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే బతికాడు, ఆ పేరుతోనే 1962లో అక్కడే పోయాడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15న విద్యార్థులు దీపాలు పెట్టి ఇటలీ పాట సాంతా లూచియా పాడతారు. గురువు దేశపు పాటని శిష్యులు తమ బడి పాట చేసుకోవడం ఎక్కడైనా విన్నారా?

ఆయన చేతి మీదుగానే ఇంకొకటి జరిగింది. 1934లో కోరాట్ అనే ఊళ్లో ఒక ఆడమనిషి విగ్రహం లేచింది. రాణి కాదు. డిప్యూటీ గవర్నరు భార్య, తావో సురనారి. 1826లో వియంటియాన్ సైన్యం కోరాట్‌ని పట్టుకుని జనాన్ని తరలించుకుపోతుంటే, ఈవిడ దారిలో కాపలావాళ్లకి సారాయి పోయించి, మత్తులో ఉండగా తిరగబడేట్టు చేసిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. లావోస్ వాళ్లనడిగితే ఇదే కథని ఇంకో వైపు నుంచి చెప్తారు, అది వేరే సంగతి. థాయి దేశంలో సామాన్య స్త్రీకి నిలిపిన మొదటి స్మారకం అది. జుట్టు కత్తిరించుకుని, కత్తి మొన నేలకి ఆనించి నిలబడి ఉంటుంది. అంటే పీఠం మీదికి ఆడమనిషి 1934లోనే ఎక్కింది. పీఠం కింద నిలబడి మట్టి పిసికే చోటికి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఆ చోటికి ఎలా వచ్చిందో తెలియాలంటే మిసియెం యిపిన్‌త్సోయ్ ముచ్చట కూడా చెప్పాలి. 1906లో పుట్టింది. పెళ్లి, పిల్లలు, పెద్ద వ్యాపార కుటుంబం, ఇల్లు చక్కబెట్టుకోవడం, అదీ ఆవిడ జీవితం. నలభై దాటాక కుంచె పట్టింది. 1949లో మొదటి జాతీయ కళా ప్రదర్శనలోనే బంగారు పతకం కొట్టింది. వరసగా మరి రెండేళ్లు అలాగే గెలిచేసరికి విశిష్ట కళాకారిణి అని బిరుదిచ్చారు. అంతటితో ఆగిందా? యాభై దాటాక రంగులు పక్కనపెట్టి మట్టిలో చెయ్యి పెట్టింది. ఆడుకునే పిల్లలు, గెంతే పిల్లలు, అన్నీ కంచులో. నఖోన్ పథోమ్‌లో ఆవిడ బొమ్మల తోట ఉంది. అమ్మడూ, నువ్వు మొన్న అన్నావు కదా, పదో తరగతిలో డ్రాయింగ్ వదిలేశాను, ఇంక రాదు అని. అందుకే ఈవిడ గురించి ఇంత వివరంగా చెప్పాను.

ఇక మన ఖైముక్ దగ్గరికి వద్దాం.

శిల్ప భీరశ్రీ పెంచిన ఆ శిల్పకార్న్‌లోనే ఆవిడ శిల్పం నేర్చుకుంది. తర్వాత రాణి సిరికిత్ దగ్గర శిల్పిగా పనిచేసింది. ఆ దేశంలో రాజుల విగ్రహాలు ఎవరు పడితే వాళ్లు చేసేవి కావు. అక్కడివాళ్లకి అవి దేవుడి విగ్రహాలతో సమానం. అగరొత్తులు వెలిగిస్తారు, మొక్కుకుంటారు, పరీక్షల ముందు పిల్లలు వచ్చి దణ్ణం పెట్టుకుంటారు. మొహం పోలిక తప్పినా, నిలబడ్డ తీరులో ఠీవి తగ్గినా ఊరంతా మాట్లాడుతుంది. అలాంటి పనిని ఒక ఆడమనిషి చేతిలో పెట్టారంటే ఆవిడ చెయ్యి ఎంత నమ్మకమైనదో చూడండి.

ఆ పని ఎంత కష్టమో తెలుసా మీకు? పెద్ద విగ్రహం చెయ్యాలంటే ముందు చిన్న నమూనా చేసుకోవాలి. అది అందరూ ఒప్పుకున్నాక అసలు కొలతకి పెంచాలి. ఇనుప కడ్డీలు వంచి, కట్టి, మనిషి ఎముకల గూడులాగా నిలబెట్టాలి. దాని మీద బంకమట్టి మెత్తాలి, బస్తాలకి బస్తాలు. ఆ మట్టి ఆరిపోకూడదు. ఆరితే బీటలిస్తుంది, చెయ్యి లోపలికి పోదు. అందుకని పని ఆపిన ప్రతిసారీ తడిగుడ్డలు చుట్టాలి. నిచ్చెన ఎక్కి భుజం దగ్గర చేత్తో రుద్దాలి, దిగి దూరం పోయి చూడాలి, మళ్లీ ఎక్కాలి. పైన దగ్గర్నించి బాగున్న కన్ను కింది నుంచి చూస్తే మూసుకున్నట్టుంటుంది. జనం చూసేది కింది నుంచే కదా.

మట్టి కుదిరాక ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు. ముక్కలు ముక్కలుగా, చెయ్యొకటి, తలొకటి, నడుమొకటి. ఆ అచ్చు లోపల మైనం పల్చగా పూస్తారు. ఎంత మందంగా మైనం పూస్తే అంత మందంగా కంచు వస్తుంది. మందం ఎక్కువైతే బరువు, ఖర్చు. తక్కువైతే పోతలో చిల్లులు. లోపల ఒండ్రు నింపి, బయట మళ్లీ మట్టి పట్టించి, కొలిమిలో కాలుస్తారు. మైనం కరిగి గొట్టాల్లోంచి కారిపోతుంది. మైనం ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఎర్రగా కరిగిన కంచు ఆ ఖాళీలోకి పోస్తారు. వెయ్యి డిగ్రీలు దాటిన కంచు అది. అచ్చులో ఎక్కడైనా తేమ ఉంటే పేలిపోతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టి, ముక్కలన్నీ అతికి, అతుకులు కనిపించకుండా ఉలితో చెక్కి, ఆకురాయితో రాసి, మెరుగు పెట్టాలి. నెలలకి నెలలు పడుతుంది. ఇందులో సగం పని చేతులది, సగం ఓపికది. ఓపిక విషయంలో ఆడవాళ్లకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

ఆవిడ చేసిన వాటిలో నేను నా కళ్లతో చూసింది చియాంగ్ మాయిలో ఉన్న ముగ్గురు రాజుల విగ్రహం. మీ బాబాయి బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నన్నూ తాతయ్యనీ ఉత్తరానికి తీసుకెళ్లాడు. ఊరి మధ్యలో పాత జిల్లా కచేరీ, తెల్లటి పెద్ద భవనం, ఇప్పుడు అందులో ఊరి కళా కేంద్రం నడుస్తోంది. దాని ఎదుట విశాలమైన ఖాళీ స్థలంలో ముగ్గురు రాజులు నిలబడి ఉన్నారు. మనిషికంటే బాగా ఎత్తు, రెండు మీటర్ల డెబ్భై సెంటీమీటర్లు. 1984 జనవరిలో రాజదంపతులు వచ్చి ఆవిష్కరించారు.

మధ్యలో ఉన్నాయన మంగ్రాయి. చియాంగ్ మాయి కట్టించింది ఆయనే. ఆయనకి అటూ ఇటూ ఇద్దరు స్నేహితులు. ఒకాయన సుఖోథాయ్ రాజు రామ్‌ఖమ్‌హేంగ్, ఇంకొకాయన ఫయావ్ రాజు న్గామ్ ముయాంగ్. ఇప్పుడు మీరడిగిన రాజుల కథ వస్తోంది, వినండి.

ఉత్తరాది పాత చరిత్రల్లో ఇలా రాశారు. రామ్‌ఖమ్‌హేంగ్ ఫయావ్‌కి వస్తూ పోతూ ఉండి, స్నేహితుడి భార్య మీద కన్నేసి తప్పు చేశాడు. న్గామ్ ముయాంగ్ పట్టుకున్నాడు. చంపెయ్యొచ్చు. చంపితే రెండు రాజ్యాలు తగలబడతాయి. అందుకని ఇద్దరికీ కావలసినవాడైన మంగ్రాయిని పిలిపించి తీర్పు చెప్పమన్నాడు. మంగ్రాయి తప్పు చేసినవాడికి గవ్వల్లో జరిమానా వేసి, ఇద్దర్నీ కలిపాడు. ఆ తర్వాత ముగ్గురూ నది ఒడ్డున వీపుకి వీపు ఆనించి కూచుని, ఎన్నడూ ఒకరికొకరు ద్రోహం తలపెట్టమని ఒట్టేసుకున్నారు. అది 1287 అని చెప్తారు. సరిగ్గా ఆ ఏడే పక్కన బర్మాలో పగాన్ రాజ్యం మంగోలుల దెబ్బకి కూలింది. అందుకే నాకనిపిస్తుంది, ఆ ఒట్టు వట్టి స్నేహం ఒట్టు కాదు, ఉత్తరం నుంచి వచ్చే గుర్రపు దండుల భయం కూడా అందులో ఉంది.

తొమ్మిదేళ్ల తర్వాత మంగ్రాయికి కొత్త రాజధాని కావలసి వచ్చింది. అంతకుముందు కట్టుకున్న ఊరు వియాంగ్ కుమ్ కామ్ మాటిమాటికీ వరదలో మునిగేది. పడమర సుథేప్ కొండ, తూర్పున పింగ్ నది, మధ్యలో మంచి పల్లం. అక్కడ తెల్ల దుప్పీ దాని పిల్లా కనిపించాయి, పిల్లల్ని వెంటేసుకుని ఒక తెల్ల ఎలుక చెట్టు కిందికి దూరింది, అన్నీ శుభశకునాలే అన్నారు. మంగ్రాయి చాలా పెద్ద ఊరు గీశాడు. స్నేహితులిద్దర్నీ పిలిచి చూపించాడు. ఇంత పెద్దదైతే రేపు శత్రువు వస్తే గోడ పొడవునా నిలబెట్టడానికి జనం చాలరు, తగ్గించుకో అన్నారు వాళ్లు. ఆయన తగ్గించుకున్నాడు. 1296 ఏప్రిల్ 12న, తెల్లవారకముందే ముహూర్తం. ఊరి చుట్టూ నలుపలకలుగా తవ్విన కందకం ఇప్పటికీ నీళ్లతో ఉంది, పక్కనుంచి ఆటోలు పోతుంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఖైముక్ ముందు ఏముంది? ఏడువందల ఏళ్ల కిందటి మనుషులు. వాళ్ల మొహాలు ఎలా ఉండేవో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు. ఐదో రాముడిలాగా ఎదుట వచ్చి కూచునే వీలు లేదు. మొహం ఊహించాలి, నగ ఊహించాలి, తలమీది కిరీటం ఊహించాలి. రాజుల విగ్రహం అంటే మామూలుగా ఎలా చేస్తారు? గుర్రం, ఎత్తిన కత్తి, లేకపోతే సింహాసనం. ఇక్కడ ముగ్గుర్నీ నేల మీద నిలబెట్టి మాటల్లో పెట్టింది. ఒకరి వైపు ఒకరు ఒరిగి, చేతులతో చూపించుకుంటూ, ఇక్కడ గోడ, అక్కడ గుమ్మం అని ఊరి ప్లాను గురించి ముచ్చటించుకుంటున్నట్టు ఉంటారు. కథలో నది ఒడ్డున వీపులు ఆనించి కూచున్నవాళ్లు ఇక్కడ ఎదురెదురుగా మాట్లాడుకుంటున్నారు. యుద్ధం గెలిచిన క్షణాన్ని కాకుండా సలహా అడిగిన క్షణాన్ని నిలబెట్టడం, అందులోనూ ఎక్కువ చెప్పగలిగిన రాజు మధ్యలో నిలబడి వింటున్నట్టు ఉండడం, నాకు ఆ విగ్రహంలో అన్నిటికంటే నచ్చింది అదే.

దాంట్లో రాజకీయం కూడా ఉందిలెండి, మీరు పెద్దయ్యాక తెలుస్తుంది. చియాంగ్ మాయి మొదట్నుంచీ బ్యాంకాక్ కింద ఉన్న ఊరు కాదు. దానిది లన్నా రాజ్యం, దాని భాష వేరు, లిపి వేరు. రెండు వందల ఏళ్లకి పైగా బర్మా వాళ్లు ఏలారు. బ్యాంకాక్‌లో పూర్తిగా కలిసింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. ఆ ఊరి చివరి రాజు 1939లో పోయాడు. బ్యాంకాక్ వాళ్లు తమ చరిత్రని సుఖోథాయ్ నుంచి లెక్కపెట్టుకుంటారు. ఆ లెక్కలో వాళ్ల తొలినాటి గొప్ప రాజు రామ్‌ఖమ్‌హేంగ్. ఆయన్ని ఉత్తరాది రాజు పక్కన సాటి స్నేహితుడిగా నిలబెడితే, మనమంతా ఒకటే అని చెప్పినట్టూ ఉంటుంది, ఇది మీ ఊరు, మీ రాజే మధ్యలో అని ఒప్పుకున్నట్టూ ఉంటుంది. శిల్పి ఇవన్నీ నోటితో చెప్పదు. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో తెలిస్తే చాలు.

మేం వెళ్లిన రోజు పొద్దున్నే ఒక ముసలాయన వచ్చి, చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూచుని పూలు పెట్టాడు. వెనకాలే యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు అగరొత్తులతో వచ్చారు. మీ బాబాయి వాళ్లని అడిగాడు, ఇది ఎవరు చేశారో తెలుసా అని. రాజుల పేర్లు గడగడా చెప్పారు. చేసినావిడ పేరు ఒక్కరికీ తెలియలేదు. నాకు కష్టమేసింది. పారిస్ పోయి కొనుక్కున్న మొదటి విగ్రహం 1908, ఇది 1984. ఒక మనిషి నిండు ఆయుష్షు కూడా లేదు ఆ మధ్య. అంతలో పని ఇంటికొచ్చింది, పరాయి గురువు ఇంటివాడయ్యాడు, ఆయన బడిలోంచి వచ్చిన ఆడపిల్ల తన దేశపు రాజుల్ని తన చేత్తో చేసింది. ఆ పేరు అక్కడి పిల్లల నోట రాజుల పేర్ల పక్కనే పలకాలా వద్దా? నేనైతే ఎవరు దొరికినా చెప్తూనే ఉంటాను, ఇవాళ మీరు దొరికారు.

ఎప్పుడైనా చియాంగ్ మాయి వెళ్తే ఎండ ఎక్కకముందే వెళ్లండి, కంచు మీద వెలుతురు ఏటవాలుగా పడుతుంది. ముందు నుంచి చూసి ఫోటో తీసుకుని వచ్చెయ్యకండి. చుట్టూ తిరగండి. వెనక వైపు, ఎవరూ దణ్ణం పెట్టని వైపు, బట్ట మడతలు ఎంత శ్రద్ధగా తీర్చిందో చూడండి. మాట్లాడుతున్న మనిషి బరువు ఏ కాలి మీద ఉందో చూడండి. ఆ తర్వాత చేతులు చూడండి, ముగ్గురివీ, ఒకదాని తర్వాత ఒకటి. పక్కన ఎవరైనా ఉంటే చేసినావిడ పేరు చెప్పండి. ఖైముక్ ఛూతో. ఏదీ, ఒకసారి అనండి?